ఓరుగల్లు కోట: ప్రాకారములు, గవనులు, గాదెలు

‘1323వ సంవత్సరమున ఓరుగల్లు కోట పడిపోయెను’ అని చరిత్రగ్రంథములందు తరచుగా చదువుచుందుము. వాక్యము చిన్నది; అర్థము స్పష్టమైనట్లే తోచును. కాని కోట పడిపోవుట యనగానేమి? గోడ కూలినదా? గవని విరిగినదా? లేక గోడయు గవనియు నిలిచియుండగనే లోపలివారు లొంగిపోయిరా? ఈ భేదము చిన్నది కాదు. మొదటిదైనచో కాకతీయుల దుర్గనిర్మాణము కాలమునకు చాలనిదనవలెను. రెండవదైనచో కారణమును గోడకు వెలుపల వెదకవలెను. ఓరుగల్లు ప్రాకారములను, ద్వారములను పరిశీలించి, ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇందుకు మనకు మూడు విధములైన సాక్ష్యములు కలవు. మొదటిది నేటికిని నిలిచియున్న కోట. రెండవది తెలుగు వాఙ్మయము: క్రీడాభిరామము, ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము మొదలగునవి. మూడవది ఢిల్లీ ఆస్థానమునకు, దక్కను సుల్తానుల ఆస్థానమునకు చెందిన పారసీక చరిత్రలు. ఈ మూడింటిలో ఏ యొక్కటియు స్వయముగా చాలదు. కావ్యము వర్ణించును, విజేతల చరిత్ర విజయమును పొగడును, రాయి మౌనముగా నుండును. మూడింటిని ఒకదానితో నొకటి సరిచూచినపుడే విషయము తేటపడును.

1. నగరము, దాని వలయములు

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. రుద్రదేవుడు 1163వ సంవత్సరమున వేయిస్తంభముల గుడియందు శాసనము వేయించుటతో వారి స్వతంత్రపాలన ప్రకటితమైనది. పిమ్మట రాజధాని కొలది మైళ్ల దూరముననున్న ఓరుగల్లునకు మారినది. రాతికోటను గణపతిదేవుడు (1199–1262) కట్టింపగా, ఆయన కుమార్తె రుద్రమదేవి (1262–1289) దానిని ఎత్తు చేయించి, వెలుపలి మట్టికోటను, అగడ్తను ఏర్పరచెనని సంప్రదాయము. నగరమధ్యమున స్వయంభూదేవుని ఆలయము. దానిచుట్టు నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు. వాని కెదురుగా ఆయా దిక్కులందే కోట గవనులు. ఇట్లు దేవాలయము ఇరుసుగా, రాజమార్గములు ఆకులుగా, ప్రాకారములు కమ్ములుగా ఈ పురము బండిచక్రమువలె రూపొందినది.

రాతికోట అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటరు, మట్టికోట అడ్డుకొలత సుమారు 2.4 కిలోమీటరులు. దానికిని వెలుపల శివారులను చుట్టిన మరియొక మట్టికట్ట జాడలు కలవు. ఈ వ్యాసమున ప్రధానముగా విచారింపబడునవి మొదటి రెండు వలయములే.

ఈ కొలతలను చదివి దాటిపోవుట మన అలవాటు. కాని వానిలో ముఖ్యమైన విషయ మొకటి దాగియున్నది. రాతికోట అడ్డుకొలత మట్టికోట అడ్డుకొలతలో సగము. కనుక దాని వైశాల్యము నాలుగవ వంతు మాత్రమే. మట్టికోటలోపలి నేల సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటరులు. రాతికోటలోపలి నేల ఒకటింటికి కొంచెము ఎక్కువ. అనగా శత్రువు మట్టికోటను దాటి లోనికి వచ్చిననాడు, రాజు కొక గోడ పోవుటతోబాటు, నగరములో నాలుగింట మూడుపాళ్ల నేలయు, అందలి ఇండ్లు, బావులు, పశువులమేతయు పోవును. అచ్చటి జనమంతయు మిగిలిన నాలుగవ వంతులోనికి వచ్చి చేరవలసియుండును. ముట్టడుల కథను చదువునపుడు ఈ లెక్కను మనస్సునందుంచుకొనవలెను.

2. మట్టికోట బలము

రాతిగోడ బలమైనది, మట్టిగోడ బలహీనమైనది యని సామాన్యుల తలంపు. దుర్గశాస్త్ర మెరిగినవారు అట్లు తలపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున దుర్గవిధానమను ప్రకరణము కలదు. అందు అగడ్త త్రవ్వగా వచ్చిన మట్టితోనే వప్రమును పోయవలెననియు, దానిని ఏనుగులచేతను ఎద్దులచేతను త్రొక్కించి గట్టిపరుపవలెననియు, దానిమీద ముండ్లపొదలను, విషపుతీగలను పెంచవలెననియు చెప్పబడినది. ఒక్క పనితో రెండు ప్రయోజనములు సిద్ధించును: పల్లము అగడ్తయగును, మిట్ట గోడయగును. పల్లము ఎంత లోతైన మిట్ట అంత ఎత్తగును. ఓరుగల్లు మట్టికోటయు, దాని వెలుపలి విశాలమైన అగడ్తయు ఈ పద్ధతికి చక్కని ఉదాహరణములు.

మట్టికోట బలమునకు శత్రుపక్షపు సాక్ష్యమే కలదు. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో తన ఖజాయిన్-ఉల్-ఫుతూహ్ అను గ్రంథమున 1310వ సంవత్సరపు ముట్టడిని వర్ణించెను. ఆ మట్టిగోడలో ఉక్కు బల్లెము సైతము దిగబడదనియు, యంత్రములు విసరిన రాళ్లు దానికి తగిలి పిల్లలాడుకొను కాయలవలె వెనుకకు ఎగిరివచ్చుననియు ఆయన అభిప్రాయము. శత్రువుకోట గొప్పదైనకొలది దానిని గెలిచినవాని కీర్తి పెరుగును గనుక ఇందు కొంత అతిశయోక్తి ఉండవచ్చును. అయినను మూలమునందలి విషయము ప్రకృతిసిద్ధమే. రాతిపలక దెబ్బకు పగులును. త్రొక్కి గట్టిపరచిన మట్టిదిబ్బ దెబ్బను తనలో ఇముడ్చుకొనును. వెలుపల మట్టి, లోపల రాయి యను క్రమము పొదుపుకొరకు చేసినది కాదు. యంత్రముల దెబ్బను తినుటకు మట్టియు, నిచ్చెనలను నిలువరించుటకు రాయియు అమర్పబడినవని గ్రహింపవలెను.

ఖుస్రో మరియొక విలువైన లెక్కను ఇచ్చినాడు. మాలిక్ కాఫూరు సేనలో ఒక్కొక్క విభాగమునకు 1,200 గజముల చొప్పున నేలను పంచి, కోటచుట్టు డేరాలు వేయించెననియు, ఆ చుట్టుకొలత మొత్తము 12,546 గజములనియు ఆయన వ్రాసెను. దీనిని మట్టికోట కొలతతో పోల్చి చూతము. మట్టికోట చుట్టుకొలత సుమారు ఏడున్నర కిలోమీటరులు. గజమును ముప్పాతిక మీటరుగా లెక్కించినను, మీటరుకు కొంచెము తక్కువగా లెక్కించినను, డేరాల వలయము మట్టికోటకు 300 మొదలు 600 మీటరుల దూరమున నున్నట్లు తేలును. అనగా అగడ్తకు ఆవల, కోటకొమ్మలనుండి వేసిన బాణము తగులని దూరమున శత్రువు విడిసెనన్నమాట. కవి చెప్పిన అంకెయు, నేలమీది గోడయు ఇట్లు ఒకదానినొకటి బలపరచుచున్నవి. పారసీక చరిత్రలందలి అంకెలన్నియు కల్పితములని త్రోసివేయుట తగదని దీనివలన తెలియును.

3. రాతికోట, గవనుల వంపు

లోపలి రాతికోట గొప్ప నల్లసేనపు రాళ్లతో, సున్నము లేకుండ, ఒకదానిలో నొకటి పొదిగి కట్టినది. ఒక రాయి ఒక కొలత, మరియొకటి మరియొక కొలత; అయినను అతుకు సన్నముగానుండును. గోడ లోపలివైపున మట్టికట్టకు మెట్లు పేర్చియున్నవి. ఏ తావున అవసరము కలిగిన ఆ తావుననే భటులు పరుగున పైకెక్కుటకు ఇవి ఉపకరించును. గోడ వెలుపలకు పొడుచుకొనివచ్చిన కొత్తళములు 45 కలవు. చుట్టుకొలతను వీనితో భాగించినచో రెండు కొత్తళముల నడుమ ఇంచుమించు 84 మీటరుల ఎడమున్నట్లగును. ఇరుప్రక్కల విలుకాండ్ర బాణములు నడిమి గోడమొదటికి అందుటకు ఇది తగిన దూరమే.

ప్రతాపచరిత్రమున మాత్రము కొత్తళముల సంఖ్య 77 అని యున్నది. ఒక్కొక్క కొత్తళమును ఒక్కొక్క పద్మనాయకుడు కాచుచుండెనని ఆ గ్రంథకర్త చెప్పును. నిలిచియున్న గోడ ఈ సంఖ్యను సమర్థింపదు. అంతమాత్రమున ఆ కథ నిష్ప్రయోజనమనరాదు. కాకతీయుల తరువాత చాలకాలమునకు పుట్టిన ఆ గ్రంథము అంకెవిషయమున పొరపడియుండవచ్చును. కాని గోడలో ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క నాయకుడు బాధ్యుడను ఏర్పాటును జనులు మరువలేదని అది తెలుపుచున్నది. కాకతీయుల సైన్యము నాయంకర పద్ధతిమీద నడచినది. నాయకుడు తన సీమనుండి బంట్లను, తిండిగింజలను తెచ్చి కొత్తళమును నిలుపవలెను. కనుక కొత్తళపు బలము కొంత రాతిలోను, కొంత దూరముననున్న ఆ నాయకుని సీమలోను ఉన్నదని చెప్పవచ్చును.

ఇక గవనులు. రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు గవనులు. వీనిలో లోనికిపోవు త్రోవ తిన్నగా నుండదు. వెలుపలి ద్వారమును దాటినవాడు ఎత్తైన గోడల నడుమ నొక ముంగిట ప్రవేశించును. అచ్చటినుండి ప్రక్కకు తిరిగినగాని లోపలి ద్వారము కానరాదు. ఇట్టి వంపునకు ప్రయోజనము స్పష్టము. తలుపును పొడిచి విరుగగొట్టుటకు ఏనుగునకు పరుగు కావలెను. వంపులో పరుగు లేదు. గుఱ్ఱపుదండు వేగము తగ్గి ఇరుకున చిక్కును. పైనున్న భటులు మూడువైపులనుండి వారిని కొట్టగలరు. 

క్రీడాభిరామకర్త ఓరుగల్లును వర్ణించుచు అగడ్తను, ప్రాకారమును, పెద్దగవనిని పేర్కొన్నాడు; వానితోబాటు ‘వంకదార’ అను మాటను వాడినాడు. కోట చూడనివానికి ఈ మాట అందమైన పలుకుగా మాత్రమే తోచును. గవనిలో నడచినవానికి అది శిల్పపరిభాష యని తెలియును: వంకరగా తిరిగిన దారి. ఈ వంపు గణపతిదేవుని నాటిదే యని ఆ మాట నిరూపింపదు. కావ్యరచనాకాలమునాటికి అది కవి కంటబడునంత ప్రసిద్ధమైయున్నదని మాత్రము స్థాపించును. గవనుల గోడలలో అచ్చటచ్చట ఆలయములనుండి తెచ్చిన చెక్కడపు రాళ్లు కూడ పొదుగబడియున్నవి గనుక, ఈ ద్వారములపై కాకతీయులకు తరువాతివారి చేతిపనియు చేరినదని గుర్తింపవలెను. ‘కాకతీయుల గవని’ అని ఒక్కమాటతో తేల్చివేయక, ఏ రాయి ఏ నాటిదో విడదీసి చూచుట పరిశోధకుని విధి.

మాటల ప్రసంగము వచ్చినది గనుక మరొక విషయము. గవని, దిడ్డి, కొత్తళము, అగడ్త, కోటకొమ్మ మొదలగు పదములు మన పూర్వకావ్యములందు నిండుగా కలవు. నేడు వాడుకలో కొత్తళమును బురుజు తొలగించినది. గవని స్థానమును దర్వాజా ఆక్రమించినది. కోట చేతులు మారినట్లే కోటమాటలును మారినవి. కోట అను మాటయు, అగడ్త అను మాటయు నిలిచినవి.

4. తోరణము గవని కాదు

స్వయంభూదేవాలయము చుట్టునున్న నాలుగు తోరణములను కోటద్వారములని భ్రమించువారు పెక్కురు కలరు. 2014వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు రాష్ట్రచిహ్నమున కాకతీయ తోరణమునకు స్థానము లభించుటచే ఆ రూపము ఇంటింటికి పరిచితమైనది. భ్రమయు దానితో పెరిగినది. తోరణమునకు తలుపు లేదు, తలుపు నిలుపు ఏర్పాటును లేదు. తామరమొగ్గలతో, పూలదండలతో, హంసలతో అలంకరింపబడిన జంటస్తంభములును అడ్డదూలములును మాత్రమే కలవు. గవని వచ్చువానిని అనుమానించును. తోరణము వచ్చువానిని ఆహ్వానించును. ఈ రెండును ఒకే గీటున, ఒకే దిక్కునకు ఎదురుగా నిలుచుట ఓరుగల్లు నగరవిన్యాసములోని విశేషము. వంకదారలో అనుమానముతో పరీక్షింపబడినవాడు, రాజవీథిని తిన్నగా నడచి, తోరణముక్రింద దేవుని సన్నిధికి చేరును. కోట నిర్మాతలు రక్షణను, ప్రతిష్ఠను రెండుగా విడదీసి, ఒక్కొక్కదానికి తగిన ద్వారమును నిర్మించిరి.

5. ముట్టడులు

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. రుద్రమదేవి కాలమున దేవగిరి యాదవరాజు మహాదేవుడు ఓరుగల్లును ముట్టడించి విఫలుడయ్యెనని ప్రతాపచరిత్రము చెప్పును. ప్రతాపరుద్రుని కాలమున (1289–1323) ఢిల్లీ సేనలు పలుమార్లు వచ్చినవి. 1303వ సంవత్సరమున వచ్చిన మొదటి సేన కోటను ముట్టడింపకయే ఓడి మరలినది.

1310వ సంవత్సరము జనవరిలో మాలిక్ కాఫూరు వచ్చెను. హనుమకొండ గుట్ట నెక్కి నగరమును పరికించి, తన విడిదిచుట్టు కఱ్ఱకోట కట్టించుకొనెను. కోటలోని రౌతులు ఒక రాత్రి వెలువడి శత్రువుపై పడిరి, కాని ఫలింపలేదు. శత్రువులు అగడ్తను పూడ్చి, నిచ్చెనలు వేసి ఫిబ్రవరిలో మట్టికోట నెక్కిరి. రాతికోట మాత్రము పట్టుబడలేదు. ప్రతాపరుద్రుడు సంధికి వర్తమానమంపి, ఏనుగులను, గుఱ్ఱములను, ధనమును ఇచ్చి, ఏటేట కప్పము కట్టుటకు అంగీకరించెను. మార్చిలో సేన మరలినది. 1318వ సంవత్సరమున ఖుస్రో ఖాను వచ్చినపుడును కథ ఇట్లే నడచినది: వెలుపలి కోట చేజిక్కినది, లోపలి కోట నిలిచియుండగనే సంధి జరిగినది. ఆ సందర్భమున ప్రతాపరుద్రుడు కోటగోడపై కెక్కి ఢిల్లీ దిక్కునకు మ్రొక్కెనని పారసీక చరిత్రలవలన తెలియుచున్నది. గోడ నిలిచియేయున్నది, దానిపై నిలిచినవాని తల వంగినది.

రాతికోట పట్టుబడకముందే రాజు రెండుమార్లు ఎందుకు సంధిచేసికొనెను? ఇది పిరికితనమని కొందరు వ్రాసిరి. పైన చెప్పిన వైశాల్యపు లెక్కను స్మరించినచో వేరు సమాధానము తోచును. మట్టికోట పోయిన మరుక్షణము నగరజనమంతయు నాలుగవ వంతు నేలలో క్రిక్కిరిసియుండును. అప్పటినుండి కోటరక్షణ గోడమీద కాక గాదెమీద ఆధారపడును. గాదెలో ఎన్ని దినముల గింజలున్నవో రాజునకు తెలియును. కనుక బేరమాడుటకు శక్తి మిగిలియున్నపుడే ఆయన బేరమాడెనని ఊహించుట సమంజసము.

ఈ ఊహకు 1321, 1323 సంవత్సరముల ముట్టడులు బలమునిచ్చుచున్నవి. 1321లో ఉలుగ్ ఖాను, అనగా తరువాత ఢిల్లీ సింహాసనమెక్కిన ముహమ్మద్ బిన్ తుగ్లకు, కోటను మాసములతరబడి ముట్టడించెను. అంతలో ఢిల్లీనుండి వార్తలు రాక నిలిచిపోయినవి. తండ్రియైన సుల్తాను ఘియాసుద్దీన్ మరణించెనను వదంతి శిబిరమున పుట్టినది. సేనానులు చెదరిపోయిరి, ముట్టడి భగ్నమై ఉలుగ్ ఖాను దేవగిరివైపు మరలవలసివచ్చెను. మరల బలము కూర్చుకొని 1323లో వచ్చునప్పటికి ఓరుగల్లు సిద్ధముగా లేదు. శత్రువు ఇక రాడను నమ్మకముతో ఉత్సవములు జరిపి, కోటలోని నిలువధాన్యమును అమ్మివేసిరని చరిత్రకారులు చెప్పుచున్నారు. కొన్ని మాసములకు ఆకలి కోటను లొంగదీసినది. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి గొనిపోబడుచు మార్గమున నర్మదాతీరమున మరణించెను. ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము ఈ విషయమును ధ్రువపరచుచున్నది. ఓరుగల్లునకు సుల్తానుపురమని పేరు పెట్టిరి.

ఈ రెండు ముట్టడులను ప్రక్కప్రక్కన నుంచి చూతము. గోడ అదే, గవని అదే, అగడ్త అదే, ముట్టడించినవాడును ఆతడే. రెంటికిని నడుమ గడచిన కాలము రెండేండ్లకు మించదు. ఫలితము మాత్రము విపరీతము. గోడయే జయాపజయములను నిర్ణయించునదైనచో ఇట్లు జరుగదు. 1321లో ముట్టడించువాని సరఫరా, అనగా వార్తల సరఫరా, తెగినది, ఆతడు ఓడెను. 1323లో ముట్టడింపబడినవాని సరఫరా, అనగా గింజల సరఫరా, తెగినది, ఈతడు ఓడెను. గోడ ఇరుపక్షములకును కాలమును మాత్రమే ఇచ్చినది. ఆ కాలమును దేనితో నింపవలెనో గోడ చెప్పజాలదు.

తరువాతి చరిత్రయు దీనినే తెలుపుచున్నది. ఇంచుమించు 1336వ సంవత్సరమున ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి సాధించెను. చుట్టునున్న దేశము నాయకుల వశమైనపిదప కోటయందలి ఢిల్లీ ప్రతినిధి మాలిక్ మక్బూలు నిలువజాలక వెడలిపోయెను. ఏ గోడలు ప్రతాపరుద్రుని కాపాడలేకపోయెనో ఆ గోడలే ఆయనను జయించినవారినిగూడ కాపాడలేకపోయినవి. అటుపిమ్మట రేచెర్ల వెలమనాయకులు, బహమనీలు, షితాబుఖాను, గోలకొండ కుతుబ్‌షాహీలు ఈ గవనులలో ప్రవేశించిరి. ప్రతి చేతిమార్పునకును వెనుక నున్నది చుట్టుప్రక్కల సీమలపై గల పట్టే.

6. ఉపసంహారము

అర్థశాస్త్రమున దుర్గవిధానప్రకరణమునకు వెంటనే దుర్గనివేశప్రకరణము వచ్చును. మొదటిదానిలో అగడ్త, వప్రము, ద్వారము చెప్పబడినవి. రెండవదానిలో, అనేక సంవత్సరముల కనుభవింపదగినంత ధాన్యము, నూనె, ఉప్పు, మందులు, కట్టెలు కోటలో నిలువయుంచవలెననియు, పాతవానిని తీసి క్రొత్తవానిని చేర్చుచుండవలెననియు చెప్పబడినది. ఈ రెండు ప్రకరణములు ప్రక్కప్రక్కన నుండుట యాదృచ్ఛికము కాదు. ఓరుగల్లు శిల్పులు మొదటి ప్రకరణమును ఏ లోపమును లేకుండ ఆచరించిరి. 1323వ సంవత్సరమున రెండవ ప్రకరణము మరువబడినది. కనుక ‘కోట పడిపోయెను’ అను వాక్యమును మనము ‘కోట లొంగిపోయెను’ అని దిద్దుకొనవలెను. దోషము రాతిదికాదు, మట్టిదికాదు.

ఒక మనవితో ముగింతును. కీర్తితోరణములను చూచుటకు వచ్చువారు పెక్కురు. వారిలో కొందరు రాతికోటను చూతురు. మట్టికోటను చూచువారు అరుదు. దానిని దాటునపుడు అది మామూలు మిట్ట యని తలచి సాగిపోదురు. శత్రువు మొదట తలపడినది ఆ మిట్టతోనే. నగరమునకు అన్నము పెట్టిన నేలను కాచినది ఆ మిట్టయే. రాతికన్న మట్టి త్వరగా కరగును, సులభముగా త్రవ్వబడును. త్రవ్వి తీసిన రాతిని తిరిగి పేర్చవచ్చును గాని చదునుచేసిన మట్టికట్టను తిరిగి చదువజాలము. తెలుగు పరిశోధకవిద్యార్థులు క్రీడాభిరామమును చేతబట్టి ఒకసారి ఈ కోటను వెలుపలినుండి లోపలికి, అగడ్తనుండి తోరణమువరకు, కాలినడకను చుట్టిరావలెను. గ్రామవృద్ధులు గవనులను, దిడ్డులను, చెరువులను ఏ పేర్లతో పిలుతురో వ్రాసికొనవలెను. కావ్యమునందలి యొక్క ‘వంకదార’ కోటలో అడుగుపెట్టిన వెంటనే అర్థమైనది. నిఘంటువులకెక్కని ఇట్టి మాటలు ఆ గోడలచుట్టు ఇంకెన్ని మిగిలియున్నవో, అవి పలుకువారుండగానే తెలిసికొనుట మేలు.